ఒకే గుంజకు రెండెద్దులు

వసంతకుమార్ మొహం కనబడితే చాలు, ఆ సర్వరుకు రోగం నయమైపోయేది. అది అతని హస్తవాసి అని కినత్తుకడవు కొబ్బరి రైతులు మెచ్చుకున్నారు. అతనికి మాత్రం అది ఏలినాటి శని.

కినత్తుకడవులో రైతులంతా కలిసి పెట్టుకున్న కంపెనీ ఒకటుంది. దాని గోదాములో ఎండుకొబ్బరి వేలం మొత్తం కంప్యూటరు మీదే నడుస్తుంది. దాని సర్వరును చూసుకునేవాడు వసంతకుమార్, పోదనూరు రైల్వే కాలనీ వెనక వీధిలో కాపురం. కాపురమంటే ఒంటి కాపురమే. ముప్పై రెండేళ్ళొచ్చినా పెళ్ళి కాలేదు, ఆ సంగతికి తర్వాత వద్దాం. ఇంట్లో కూర్చుని, అంత దూరాన ఉన్న సర్వరులోకి రిమోట్‌గా దూరి పనిచేయడం అతని ఉద్యోగం. సర్వరు వెనక నుంచి రెండు నీలం తీగలు బయటికొచ్చి, పక్కనున్న నెట్‌వర్క్ స్విచ్చి పెట్టెలోకి వెళతాయి. ఆ రెండు తీగల్నీ కలిపి ఒకే దారిగా అమర్చాడు. దాన్ని వాళ్ళు టీమింగ్ అంటారు. ఒకటి తెగినా రెండోది పని నడిపిస్తుందని అతని ధీమా.

అలా అమర్చిన ఈ మూడు నెలల్లోనే ఆ ధీమా గంగలో కలిసింది. వారానికి రెండుసార్లు, పొద్దున తొమ్మిది కాకముందే రిమోట్ పడిపోయేది. ఆ సర్వరు ఉన్నట్టే కనబడేది, పలికేది కాదు. అతను తిట్టుకుంటూ బస్సెక్కి, కినత్తుకడవులో దిగి, గది తలుపు తోసేసరికి రెండు దీపాలూ పచ్చగా వెలుగుతూ ఉండేవి. నెట్‌వర్క్ కార్డులు మార్చాడు. తీగలు మార్చాడు. డ్రైవర్లు పీకి మళ్ళీ ఎక్కించాడు. స్విచ్చి తయారుచేసినవాళ్ళతో బెంగళూరుకు ఫోన్ చేసి నాలుగు గంటలు మాట్లాడాడు. కరెంటును అనుమానించాడు, బల్లిని అనుమానించాడు, ఒకనాడు ఉరుముల్ని కూడా. సర్వరు చంటిబిడ్డ లాంటిదని, తండ్రిని చూస్తే ఏడుపు మానుతుందని మేనేజరు నరేన్ తేల్చేశాడు. బాగా చదువుకున్నవాళ్ళు తేల్చే సంగతులు ఇలాగే ఉంటాయి.

ఆ గది తాళం తీసి ఊడ్చే పాపమ్మాళ్, వెళ్ళిన ప్రతిసారీ అతనికి చెంబుతో మంచినీళ్ళిచ్చేది. అతను తాగి చెంబు తిరిగి ఇచ్చేసేవాడు. వాళ్ళిద్దరి మధ్య అంతకు మించిన మాటల్లేవు.

ఇక పెళ్ళి సంగతి. మదురైలో ఆనంది అనే పిల్లను పెద్దలు కుదిర్చారు. మాట్టుతావణి కూరగాయల మార్కెట్‌లో ఒక ఉల్లిపాయల మండీలో లారీలు దించే పనంతా ఆమె చేతిలో ఉంది. నలభై మంది కూలీలు ఆమె మాట మీద నడుస్తారు. ఫోన్లో మాట్లాడుకుంటూనే వసంతకుమార్ పీకల్లోతు మునిగిపోయాడు. ఆమె గొంతు వినని రోజు అతనికి అన్నం సహించేది కాదు. కానీ పెళ్ళిచూపులకని రెండుసార్లు బయలుదేరి, రెండుసార్లూ సర్వరు పడిపోయిందని సగం దారిలోనే వెనుదిరిగాడు. రెండోసారైతే పళని దాకా వచ్చి మరీ తిరిగాడు.

ఆనంది ఒకటే మాట చెప్పింది. "ఇంకొకసారి తిరిగినారంటే, ఆ సర్వరునే కట్టుకోండి. నాకి ఫోన్ చెయ్యొద్దు."

మూడోసారి, ఒక గురువారం పొద్దున, వసంతకుమార్ ఎలాగో మదురైలో వాళ్ళింట్లో కూర్చున్నాడు. ముందర సొజ్జీ బజ్జీ. ఎదురుగా ఆనంది తాత తంగవేలు, కోవిల్‌పట్టి వైపు నల్లరేగడిలో నలభై ఏళ్ళు సేద్యం చేసిన మనిషి. సొజ్జి నోట్లో పెట్టుకోబోతుంటే ఫోన్ మోగింది.

"రిమోట్ పోయింది వసంత్!" నరేన్ అరుస్తున్నాడు. "పదకొండుకి వేలం. నూరు మంది రైతులు కూర్చోని ఉండారు. కిళంబి వచ్చేయ్, ఇప్పుడే బయలుదేరు!"

వసంతకుమార్ సగం లేచాడు. వంటింటి గుమ్మంలో ఆనంది కాఫీ పళ్ళెంతో నిలబడి ఉంది. అతని వైపే చూస్తోంది. ఆ చూపుకు మళ్ళీ కూర్చున్నాడు.

"రాలేను సార్. పాపమ్మాళ్ అవ్వ ఆడ ఉంటే ఫోన్ ఆమెకి ఇవ్వండి," అని స్పీకరు పెట్టాడు.

"చెప్పు తంబి," అంది పాపమ్మాళ్.

"అవ్వా, మిషన్ ఎనక రెండు నీలం తీగలు ఉండాయి కదా. అవి ఎక్కడికి పోతా ఉండాయో చూడు."

"చూసేది ఏమి? ఒకటి కొత్త పెట్టెకి, ఇంకొకటి గోడకుండే పాత పెట్టెకి."

ఆ పాత పెట్టె కెమెరాల కోసం పెట్టింది. "పాత పెట్టెకా? ఎవురు మార్చినారు?"

"నేనే," అంది ఆవిడ, తొణక్కుండా బెణక్కుండా. "ఒకే గుంజకి రెండెద్దుల్ని ఎవురన్నా కడతారా తంబి? పొడుచుకోని చస్తాయి. ఆ పెట్టెలో దీపాలు రెండూ టకటకా కొట్టుకుంటా ఉండాయి. పావం, నోరూ వాయీ లేని జీవాలు. రెండు దినాలు ఓర్చుకుంటాను, మూడోనాడు మనసు కేక్కలే, మాట వినదు, ఒకదాన్ని పీకి పక్క గుంజకి మారుస్తాను."

"మరి నేను వచ్చినప్పుడెల్ల సరిగ్గా ఉండేదే?"

"నువ్వు బస్సు దిగేది తెలిస్తే, నువ్వు పెట్టిన మాదిరే తిరిగి పెట్టేస్తాను. పెద్ద సదువు సదివిన పిల్లోడివి, మనసు నొచ్చుకోగూడదు కదా."

మూడు నెలల రోగానికి మందు ఆ ఒక్క మాటలో ఉంది. రెండు తీగలూ ఒకే పెట్టెలోకి వెళితేనే, ఆ పెట్టె వాటిని జోడీగా ఒప్పుకుంటుంది. ఒకటి వేరే పెట్టెలో దూరితే, ఏ కబురు ఎటు పంపాలో తెలియక సర్వరు గుడ్లు తేలేస్తుంది. వసంతకుమార్ ఇదంతా ఇంగ్లీషులో, తమిళంలో, ఇంటి తెలుగులో చెప్పాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

"రెండూ ఒకే పెట్టెలో పెట్టను తంబి," అంది పాపమ్మాళ్. "పాపం చుట్టుకుంటాది."

"ఆ అమ్మ చెప్పేది న్యాయం!" అంటూ తంగవేలు తాత ఫోన్ లాక్కున్నాడు. "మా మయిల ఎద్దుకి కొమ్ము విరిగింది అట్లే అమ్మా. నీది ఏ ఊరు?"

ఇద్దరికీ మాట కలిసింది. ఎద్దుల సుళ్ళ గురించి కొంతసేపు, గిట్టల నాడాల గురించి కొంతసేపు నడిచింది. వెనక నుంచి "వేలం! వేలం!" అని నరేన్ అరుపులు వినిపిస్తున్నాయి. గడియారం పదిన్నర దాటింది.

"తాతా, ఇది లోడ్ బ్యాలెన్సింగ్," అని ప్రాధేయపడ్డాడు వసంతకుమార్.

"లోడు ఎంత?"

"ఒక్కొక్కదానికి ఒక గిగాబిట్."

"మూటల్లో చెప్పప్పా."

వసంతకుమార్ తల పట్టుకున్నాడు. అటు ఉద్యోగం, ఇటు పెళ్ళి, మధ్యలో మూటలు. అప్పుడు ఆనంది కాఫీ పళ్ళెం కింద పెట్టి, తాత చేతిలోని ఫోన్ తీసుకుంది.

"అవ్వా, నేను ఆనందిని మాట్లాడతా ఉండా. దీపాలు ఎప్పుడు కొట్టుకుంటాయి? మిషన్ సుమ్మా ఉన్నప్పుడా, పని చేసేటప్పుడా?"

"పని చేసేటప్పుడే తల్లి. వేలం నాడు మరీ జాస్తి."

"అట్లంటే అవి పొడుచుకునేది లేదవ్వా, బరువు లాగుతా ఉండాయి. అది గుంజ కాదు, కాడి. కాడికింద ఉండే జతలో ఒకదాన్ని విప్పి పక్క చేనికి తోలుతారా?"

"అయ్యయ్యో!" అంది పాపమ్మాళ్. "కాడి అని ఆ తంబి ఒక్క మాట చెప్పుంటే నేను తాకుతానా! మూడు నెలలుగా నడిమధ్య జత విప్పేసి ఉండానే, పాపిష్టిదాన్ని!"

తీగ టక్కుమని కొత్త పెట్టెలో కూర్చున్న చప్పుడు మదురై దాకా వినిపించింది. మరు నిమిషం రిమోట్ వచ్చేసిందని నరేన్ గంతులేస్తున్నట్టు అరిచాడు. ఆనంది ఫోన్ పెట్టేసి వసంతకుమార్‌కు ఎదురుగా కూర్చుంది. అతను కొండంత సంతోషంతో ఆమెను చూశాడు.

ఆమె నవ్వలేదు. "బెంగళూరు దాకా అడిగినారు. మిషన్‌కి పది అడుగుల్లో ఉండే మనిషిని మూడు నెలల్లో ఒకసారన్నా అడిగినారా?"

"లేదు."

"రేపు ఇంట్లో నేను ఒకటి మార్చి పెడతాను. అప్పుడు నన్ను అడుగుతారా, ఊరంతా అడిగి వస్తారా?"

వసంతకుమార్‌కు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినవాడంటే తనే. పాపమ్మాళ్ ఇచ్చిన చెంబెడు నీళ్ళూ తాగాడు గాని, ఆవిడ మొహం సరిగ్గా ఎలా ఉంటుందో ఇప్పుడు తలుచుకుంటే గుర్తు రావడం లేదు. ఆనందితో కూడా ఇన్నాళ్ళూ తన సర్వరు గోలే వెళ్ళబోసుకున్నాడు. ఆమె గొంతు కావాలనుకున్నాడు, ఆమె మాట ఎన్నడూ అడగలేదు.

"నాకి అడిగేది తెలీదు," అన్నాడు. "ఇప్పుడు అడుగుతా ఉండా. నీకి ఏమి కావాల ఆనందీ?"

తాత బజ్జీ నమలడం ఆపేశాడు. ఆనంది కూడా బిత్తరపోయింది. నలభై మందికి పని చెప్పే పిల్లే గాని, ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడిగింది లేదు. కళ్ళు తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టింది. పెళ్ళయినా మండీ వదలనంది. లారీ నడపడం నేర్చుకోవాలంది. వారానికి ఒకరోజు ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోవాలంది. పదకొండు కొట్టింది, పన్నెండూ కొట్టింది. వసంతకుమార్ కదలకుండా విన్నాడు.

"పోదనూరికి మాత్రం రాను," అంది చివరికి.

రైల్వే కాలనీ వెనక వీధి, పదేళ్ళ కాపురం అతని కళ్ళముందు తిరిగాయి. ఎదురు చెప్పడానికి నోరు తెరిచాడు. ఆ మాట మింగేశాడు.

"ఏమిటికి?" అని అడిగాడు.

ఆనంది అప్పుడు నవ్వింది.