నలభై రెండు అతుకులు

పదిహేడో అతుకు దగ్గరికి వచ్చేసరికి ఆమె మోకాళ్ళు మొరాయించాయి. అయినా నేల మీద చతికిలబడి, సన్నటి గొట్టంతో అతుకు చుట్టూ హీలియం వాయువు ఊది, చెవిని యంత్రం వైపు పడేసింది. చిల్లు ఉంటే వాయువు ఆ అతుకులతో కూర్చిన ఉక్కు గదిలోకి దూరుతుంది, గదికి తగిలించిన యంత్రం కీచుమంటుంది. కీచుమనలేదు. పద్దెనిమిదో అతుకు వైపు జరిగింది.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఈ పరిశోధనశాల నేలమాళిగలో చిల్లులు వెతకడమే ఆమె పని. అందరూ లీకులమ్మ అంటారు. మొదట్లో వెటకారంగా అనేవారు, ఇప్పుడు భయంతో, భక్తితో అంటారు. పొట్టి మనిషి, నేలమాళిగ చలికి ఎప్పుడూ అదే ఊదారంగు స్వెట్టరు. చేతితొడుగుల్లో నాని వేళ్ళ చివర్లు ఎప్పుడూ తెల్లగా ముడతలు పడి ఉంటాయి. చదువు పదో తరగతితో సరి. నేర్చిన విద్యంతా తండ్రి సైకిలు పంక్చర్ల కొట్టులోది. ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగ కోసం కళ్ళప్పగించి కూర్చునేవాడాయన. "తొందరెందుకమ్మా? చిల్లు ఎక్కడికీ పారిపోదు" అనేవాడు.

ఉక్కు గదిలో బంగారు పూత పూసిన పలకలు రెండున్నాయి. వాటి మధ్య ఎడం వెంట్రుక మందంలో వందో వంతు కూడా లేదు. గాలంతా తోడేశాక కూడా, ఎవరూ నెట్టకుండానే, అవి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. శూన్యం కూడా ఒట్టి ఖాళీ కాదని, అందులోనూ ఎడతెగని అలజడి ఉందని ఈ ప్రయోగం నడిపే పెద్ద మేడం చెబుతుంది. ఆ లాగుడును ఆవిడ ఇంతవరకూ ఎవరూ కొలవనంత కచ్చితంగా కొలిచింది. అయితే మూడు నెలలుగా యంత్రం ఒకరోజు తొమ్మిదో అతుకు దగ్గర, మరో రోజు ముప్ఫయ్యో అతుకు దగ్గర కీచుమంటోంది. గదిలో గాలి మిగిలి ఉందనీ, లెక్క నమ్మలేమనీ, మేడం వ్యాసాన్ని అచ్చుకు ముందు పరిశీలించేవాళ్ళు ఉత్తరం రాశారు. రేపు ఆ గదిని విప్పేస్తారు. లీకులమ్మ ఉద్యోగానికీ ఈరోజే ఆఖరు.

మొన్న అన్నం తింటూ ఈ పలకల సంగతి చెబితే, బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన ఆమె భర్త ముద్ద నోటి దగ్గర ఆపేశాడు.

"ఎవరూ నెట్టకుండానే దగ్గరవుతాయా? మధ్యవర్తి లేకుండా కుదిరిన సంబంధమన్నమాట."

ఆమెకు నవ్వు రాలేదు. "నేను మూసిన గదిలో గాలి ఉందంటున్నారండీ" అంది. కంచం పక్కకు జరిపింది.

ముప్ఫై ఒకటో అతుకు దగ్గర యంత్రం కీచుమంది.

పక్కనే నిలబడి చూస్తున్న పెద్ద మేడం ముఖం పాలిపోయింది. "ఇక వదిలేద్దాం పిన్నీ."

"ఉండమ్మా."

మళ్ళీ ఊదింది. వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. ఏడో వేలు మడిచాక కీచుమంది.

"చిల్లుంటే టక్కున చెప్పాలి కదా? ఇది తీరిగ్గా ఆలోచించుకుని చెబుతోంది. వాయువు ఇక్కడ దూరట్లేదు, ఇంకెక్కడికో పోతోంది."

పంపు ఫ్యాను గాలి ఎటు వీస్తోందో అరచెయ్యి పెట్టి చూసింది. యంత్రం వైపే. ఇన్నేళ్ళుగా ఆ యంత్రం చెప్పిందే వేదం. దాన్నెవరూ అనుమానించలేదు. తనూ అనుమానించలేదు, అందుకే ఒళ్ళు మండింది. యంత్రం గొట్టానికి ఉన్న అతుకు చుట్టూ ప్లాస్టిక్ కవరు చుట్టి, లోపలికి వాయువు వదిలింది.

చెవులు చిల్లులు పడేలా అరిచింది యంత్రం.

"కంచే చేను మేసిందమ్మా! గది గట్టిదే, చిల్లు దీనికి!" అంది లీకులమ్మ.

అరిగిపోయిన రబ్బరు రింగు పీకేసి కొత్తది వేసింది. మళ్ళీ ఒకటో అతుకు నుంచి మొదలుపెట్టింది. మేడం వద్దన్నా వినలేదు. మూడు గంటలు పట్టింది. నలభై రెండో అతుకు దాకా యంత్రం కిక్కురుమనలేదు.

సాయంత్రం ఐదింటికి పలకల లెక్క తెర మీదికి వచ్చింది. మూడు నెలల కిందటి అంకే, చివరి స్థానం దాకా అదే. మేడం కుర్చీలోంచి లేచి, చిన్నపిల్లలా గెంతి, లీకులమ్మను వాటేసుకుంది.

"గాలి లేదని రాయమ్మా. నా మాటగా రాయి."

"మీ మాటగానే రాస్తాను పిన్నీ. మీ పేరు వ్యాసం మొదటి పేజీలో, మా పేర్ల పక్కనే ఉంటుంది."

లీకులమ్మ ముడతలు పడ్డ వేళ్ళతో కళ్ళు తుడుచుకుని, "ఇంటిపేరు తప్పుల్లేకుండా రాయి. అది మా నాన్నది" అంది.

ఆ సరికి పై అంతస్తుల్లోంచి జనం దిగుతున్నారు. ఫోన్లు మోగుతున్నాయి, ఎవరో ఈల వేశారు. ఆ సందట్లో ఆమె చేతులు కడుక్కుని, రిజిస్టరులో సంతకం పెట్టి, ఎదురొచ్చేవాళ్ళకు దారిస్తూ ఒక్కో మెట్టే ఎక్కి వెళ్ళిపోయింది.

గేటు దగ్గర భర్త కాచుకుని ఉన్నాడు.

"ఏం తేలింది?"

"ఖాళీ" అంది ఆమె తలెత్తి. "నిఖార్సయిన ఖాళీ."

నేలమాళిగలో తలుపు వెనక మేకుకు, మోచేతుల దగ్గర అతుకులు వేసిన ఊదారంగు స్వెట్టరు, ఆమె భుజాల వంపుతోనే వేలాడుతోంది.