ప్రా నది మీద రెండు పిలుపులు

నేను ఒక సామాను విమానాన్ని. రెండు రెక్కలు, రెండు పంకాలు, బానంత పొట్ట. పుట్టింది ఎక్కడో చలిదేశంలో అయినా, బతుకంతా ఘనా వైమానిక దళం చాకిరీలోనే గడిచింది. ఆ దళం పెట్టిన కొత్తలో కుర్రాళ్ళకు ఎగరడం నేర్పినవాళ్ళలో మీ భారతదేశం వాళ్ళూ ఉన్నారట, నాకంటే ముసలి విమానాలు చెప్పుకునేవి. వైమానిక దళమంటే బాంబులే అనుకుంటారు జనం. నేను మోసినవి టీకా మందులు, ఓట్ల పెట్టెలు, వరదలో చిక్కిన మేకలు.

లైబీరియాలో జనం ఒకరినొకరు చంపుకుంటుంటే, మధ్యలో నిలబడి ఆపడానికి సైనికుల్ని దింపి వచ్చేదాన్ని. కొట్లాట ఆపడానికి కూడా తుపాకులే పట్టుకెళ్ళాలి, మనుషుల తీరు అది. పోయేటప్పుడు పాటలు పాడేవాళ్ళు. ఒకసారి తిరుగు ప్రయాణంలో శవపేటిక ఒకటి ఎక్కింది.

అందులో ఉన్నవాడు ఎబో, ఆ సైనికుల్లో ఒకడు. పక్కన అతని మేనమామ అన్సా, అదే దళంలో వంటవాడు. వాళ్ళ తెగలో మేనమామ ఇంటికి మేనల్లుడే వారసుడు. అంటే అన్సా ఇంటిదీపం ఆ పెట్టెలో ఉందన్నమాట. దూరాన పోయినవాణ్ణి ఊరికి తెస్తుంటే, ప్రతి నది దగ్గరా పేరుపెట్టి పిలవాలి. పిలవకపోతే ప్రాణం ఆ గట్టునే ఆగిపోతుందని వాళ్ళ నమ్మకం.

అన్సా పైలట్ సెలోర్మ్ దగ్గరికి వెళ్ళాడు. "అయ్యా, ఏరొచ్చినప్పుడల్లా నాకో కేకెయ్యండి."

"ఆకాశంలో ఏరేంటి పెద్దాయనా? కాళ్ళు తడవకుండానే దాటేస్తాంగా!"

"వాడికి మోటారెక్కితేనే కళ్ళు తిరిగేవయ్యా. ఇంత ఎత్తు నుంచి దారేం పోల్చుకుంటాడు?"

సెలోర్మ్ నవ్వు ఆగిపోయింది. ఆ తర్వాత అతను కేక వేయడం, అన్సా పెట్టె మీద చెయ్యి వేసి పిలవడం. కవల్లీ, ససాంద్రా, బందామా, తానో, ఇలా ఒక్కో నదీ దాటాం.

"ఎబో, తానో దాటుతున్నాంరా. నా వెంటే రా. దిక్కులు చూడకు, ఆ గట్టున ఆడపిల్లలెవరూ నీకోసం కాచుకుని లేరు."

ఇక మిగిలింది ప్రా, ఎబో ఊరి నది. సరిగ్గా అక్కడికి చేరబోతుండగా మబ్బు కమ్మేసింది. కిందికి దిగనివ్వని వాన. అన్సా కిటికీకి ముఖం ఆనించి గొణిగాడు: "ఇక్కడే తప్పిపోతాడు. వాకిట్లోకొచ్చి తప్పిపోతాడు."

ఆ మాట భరించలేక, ఏమీ కనబడకుండానే సెలోర్మ్ అరిచాడు: "వచ్చింది పెద్దాయనా, ప్రా! పిలువు!"

అన్సా గొంతు చిరిగేలా పిలిచాడు. ప్రా ఇంకా ముందుందని నాకు తెలుసు. ఎన్నిసార్లు దాటలేదూ ఆ దారి!

కాసేపటికి నిజం నది వచ్చింది. నీటి మీది చల్లగాలి పొట్టకు తగిలింది. అలాంటిచోట విమానం కిందికి జారుతుందని దళంలో వంటవాడికీ తెలుసు. జారకుండా ఒళ్ళు బిగబట్టుకోవడం నాకు అలవాటే. ఆవేళ కావాలనే బిగబట్టలేదు. జర్రున జారాను. పెట్టెకు కట్టిన తాళ్ళు కిర్రుమన్నాయి. అన్సా తలెత్తి సెలోర్మ్ వీపు వైపు చూశాడు. సెలోర్మ్ వెనక్కి తిరగలేదు.

అన్సా పెట్టె మీదికి వంగి, పసివాణ్ణి నిద్రలేపే గొంతుతో అన్నాడు: "ఎబో, ఇల్లొచ్చింది నాయనా."

ఇప్పుడు అక్రాలో, రన్‌వే పక్క గడ్డిలో కూర్చున్నాను. పంకాలు ఊడదీశారు. బడిపిల్లలు వచ్చి, ఇది ఎన్ని యుద్ధాలు గెలిచిందని టీచరమ్మను అడుగుతారు. నేను మాత్రం, ఎబో చేరే ఉంటాడు, ఈపాటికి ఊళ్ళో నిద్రపోతుంటాడు అనుకుంటాను.