ఆయన మొక్కు, నా ఆకలి

శనివారం పొద్దున ఆయనకు జొన్నరొట్టె చేస్తుంటే కళ్లు తిరిగాయి. రొట్టె పెనం మీదే మాడింది. "పని మీద జర సోయి ఉండాలె," అన్నాడు రాజలింగు. సోయట, సోయి! ఖాళీ కడుపుతో, ఒళ్లో పసిబిడ్డతో పొయ్యి ముందర కూర్చున్నదానికి ఆయన చెప్పే బుద్ధులు.

రాజలింగు నా మొగుడు. బొగ్గుబాయి ఆఫీసులో హాజరు రాస్తాడు. నౌకరి ఖాయమైతే శనివారాలు ఒక్కపొద్దు ఉంటానని, పొద్దు గూకేదాకా మెతుకు ముట్టనని కొండగట్టు అంజన్నకు మొక్కాడు. నౌకరి ఖాయమైంది. మొదటి శనివారమే ఆయనకు తల నొచ్చింది. "మొగోడు మొక్కుతడు, పెండ్లాం తీరుస్తది. యాడన్న గంతే," అని తీర్పు చెప్పింది మా అత్త దుర్గవ్వ. ఆనాటి నుంచి పస్తు నాది. ఆయన మాత్రం నుదుట సింధూరం పెట్టుకుని, "మా ఇంట్ల శనివారం శానా నిష్ఠ," అని ఆఫీసంతా చెప్పుకుంటాడట. పక్కింటి శంకరవ్వ చెప్పి పకపకా నవ్వింది. నిష్ఠగల మనిషి మూడు పూటలా తిని త్రేనుస్తాడు. ఇంత అగ్గువ భక్తి ఏ అంగట్లోనూ దొరకదు.

నేను నమ్మనిదాన్నేం కాదు. చిన్నప్పుడు బాపు భుజాల మీద కూర్చుని ఆ కొండెక్కాను. అంజన్న ముందర నిలబడితే ఇప్పటికీ ఒళ్లు జల్లుమంటుంది. అందుకే ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను.

మధ్యాహ్నం ఆయన అన్నానికి వచ్చేసరికి బిడ్డ రొమ్ము లాగీ లాగీ, చుక్క పాలు రాక గుక్కపట్టి ఏడుస్తోంది.

"పాలు వస్తలేవు. జరంత తింట," అన్నాను.

"పొద్దు గూకనియ్యి. మొక్కు తప్పితే నా నౌకరి ఏం గావాలె?"

బిడ్డ ఏం కావాలని ఆయన అడగలేదు.

"ఆడివిల్లనే గద, ఓర్సుకుంటది," అంది అత్త పసిదాన్ని చూసి.

చీ, ఇంతేనా ఈ మనుషులు అనిపించింది. వీళ్లకా నేను ఇన్నాళ్లు భయపడింది! ఆయనకు వడ్డించిన పళ్లెం నా ముందుకు లాక్కుని, పప్పు కలుపుకుని, ఆయన చూస్తుండగానే తిన్నాను. గిన్నెలో మిగిలింది కూడా ఊడ్చుకుని తిన్నాను.

"దేవుడంటే నమ్మకం లేదానే నీకు?" అని అరిచాడు.

"ఉన్నది. మొక్కింది ఎవలో అంజన్నకు ఎర్కనే అని నమ్ముతున్న," అన్నాను బిడ్డను రొమ్ముకు హత్తుకుంటూ. "నీకు గుడ నమ్మకమున్నది గద, ఉపాసముండు. పొద్దు గూకినంక పెడ్త."