ఆవిరి ఆగేదాకా

నేను ఒక వాఫిల్ మేకర్‌ని, గళ్లగళ్ల అట్లు కాల్చే యంత్రాన్ని. రెండు గళ్ల పలకలు, ఒక మూత, రెండు దీపాలు, మూరెడు వైరు, ఇంతే నా ఒళ్లు. ఎర్ర దీపం వెలిగితే వేడెక్కుతున్నానని, పచ్చది వెలిగితే పిండి పోయమని. ఈ మాత్రం సంగతి మనుషులకు తెలిసిరావడానికి పదేళ్లు పట్టింది.

పుట్టింది ఏదో కర్మాగారంలో. పుట్టీ పుట్టగానే అట్టపెట్టెలో పెట్టి టేపు వేశారు. వేడెక్కడానికే పుట్టినదాన్ని చీకట్లో చల్లగా పడుకోమంటే ఎలా ఉంటుంది? నాకు ఒకచోట కాలు నిలవదు. అందుకేనేమో పెట్టె విప్పకుండానే మూడు పెళ్లిళ్లకు వెళ్లాను. ఒక పెళ్లిలో నన్ను అందుకున్నవాళ్లు రంగు కాగితం మార్చి ఇంకో పెళ్లిలో చదివించేవారు. అందరూ ఆప్యాయంగా అందుకుని, అంతే ఆప్యాయంగా వదిలించుకున్నారు.

మూడో పెళ్లి విజయనగరంలో, బస్సు డిపోలో కరెంటు పని చేసే పైడిరాజుకీ, రోహిణికీ. వాళ్లింట్లో అటకెక్కాను. కింద కాపురం సాగింది, పాప పుట్టింది, మాటా మాటా పెరిగింది, తర్వాత అసలు మాటలే లేకుండా పోయాయి. రోహిణి పాపను తీసుకుని వేరే ఇంటికి వెళ్లిపోయిన రోజు ఎవరి సామాను వాళ్లు విడదీసుకున్నారు. నా ఊసు ఇద్దరూ ఎత్తలేదు. పాప సహస్రకు అప్పుడు ఎనిమిదేళ్లు. ఆదివారం పది నుంచి పన్నెండు దాకా తండ్రి దగ్గర ఉండాలని పెద్దమనుషులు కుదిర్చారు.

ఏడాది గడిచాక ఒక ఆదివారం సహస్ర మాట అటక మీదికి వినిపించింది.

"వచ్చే నెల నుంచి ఆదివారాలు డ్రాయింగ్ క్లాసుంది నాన్నా. చేరనా?"

పైడిరాజు "నీ ఇష్టమమ్మా" అన్నాడు. మళ్లీ తనే, "వొచ్చే వారం నీకేటి సేసి పెట్టమంటావు?" అన్నాడు.

"వాఫిల్స్ చేయడం వచ్చా నీకు?"

"ఏటి, అదేమంత పెద్ద పనా?"

అవేమిటో కూడా అతనికి తెలియదు. ఆ పిల్ల ఆదివారాలు చేజారిపోతున్నాయని మాత్రం తెలుసు.

శనివారం సాయంత్రం, అటక మీది పెట్టె మీద ఆ పేరే ఉందని గుర్తొచ్చి నన్ను దించాడు. ముందు వైరు పరీక్షించాడు. వాఫిల్ మిక్స్ పొట్లం తెచ్చి, గుడ్డూ పాలూ పోసి, ఒక్క ఉండ మిగలకుండా గిలక్కొట్టాడు. ఆ తర్వాత చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నా గళ్లు జలదరిస్తాయి. సగం ఉల్లిపాయను ఫోర్కుకి గుచ్చి, నూనెలో ముంచి, నా మూలమూలలా శ్రద్ధగా రుద్దాడు. దోశ పెనానికి చేసే మర్యాద నాకూ చేశాడు.

పిండి పోసి, మూత వేసి, గోడ గడియారం చూశాడు. అర నిమిషం ఆగలేదు, మూత ఎత్తాడు. సగం పైన, సగం కింద. మళ్లీ పోశాడు, మళ్లీ ఎత్తాడు. నా పక్కల నుంచి ఆవిరి వస్తున్నంతసేపూ లోపల పని జరుగుతోందని అర్థం. ఆవిరి ఆగాక మూత తేలిగ్గా లేస్తుంది. నాకంటే ఓపిక లేని ప్రాణిని అప్పుడే చూశాను. ఎలాగైతేనేం, ఐదోది ముక్కలు కాకుండా వచ్చింది.

మర్నాడు సహస్ర దాని మీద తేనె పోసుకుని ఒక ముక్క కొరికి ఆగిపోయింది.

"నాన్నా, ఇందులో ఉల్లిపాయ వేశావా?"

"ఎయ్యలేదమ్మా. పెనానికి రుద్దానంతే."

పిల్ల పకపకా నవ్వింది. అతను నవ్వలేదు. మొహం మాడ్చుకుని గడియారం చూశాడు. పదీ నలభై.

"మిక్స్ ఇంకా ఉందా?"

"అయిపోయింది."

"అయితే మనమే కలుపుదాం. తీపి వద్దు. ఎలాగూ ఉల్లిపాయ వాసన వస్తోంది కదా, ఉల్లిపాయే వేద్దాం."

మైదా, పెరుగు, గుడ్డు, కరిగించిన వెన్న, చిటికెడు వంటసోడా. ఉల్లిపాయ, పచ్చిమిర్చి సహస్రే తరిగింది. పైడిరాజు మళ్లీ గిలక్కొట్టబోతే గరిటె లాక్కుంది. "ఎక్కువ కలిపితే గట్టిగా వస్తాయంట. పొట్లం మీద రాసుంది, నువ్వు చదవలేదా?"

పిండి పోసి మూత వేశారు. అలవాటుగా అతని చెయ్యి మూత పిడి మీదికి వచ్చింది. పిల్ల ఆ చేతి మీద తన చెయ్యి వేసింది.

"ఇంకా ఆవిరి వస్తోంది."

చేయడానికి ఇంకో పని లేదు. అతని కళ్లు గడియారం వైపు పోయాయి.

"నేనుంటే నీకు తోచదా నాన్నా?"

"అదేటమ్మా, అలగన్నావు?"

"వచ్చిన దగ్గర్నుంచి గడియారమే చూస్తావు. ఎప్పుడెప్పుడు పన్నెండవుతుందా అని చూస్తున్నావనుకున్నా. అందుకే క్లాసులో చేరిపోదామని..."

పైడిరాజు ఆ చెయ్యి తియ్యకుండానే స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "పన్నెండైపోతాదేమోనని సూస్తానమ్మా. నువ్వెల్లిపోతావని."

కళ్లు తుడుచుకుని, ఉల్లిపాయ ఘాటని సాకు చెప్పాడు. కోసింది తను కాదని కూడా మర్చిపోయాడు. సహస్ర చెయ్యి అతని చేతి మీదే ఉంది. పుట్టి బుద్ధెరిగాక ఒకచోట కదలకుండా ఉండిపోవాలని నాకు అనిపించింది అప్పుడే. నా ఆవిరి కాసేపు ఆగకపోతే బాగుండుననుకున్నాను. ఆగింది. మూత తేలిగ్గా లేచింది. వాఫిల్ ఎర్రగా, కరకరలాడుతూ, ఎక్కడా చిరగకుండా వచ్చింది.

పన్నెండుకు బయట రోహిణి స్కూటీ హారన్ వినిపించింది. పైడిరాజు స్టీలు డబ్బా తెచ్చాడు. "మూత పెట్టకు నాన్నా, మెత్తబడిపోతాయి" అంటూ సహస్ర రెండు వాఫిల్స్ పళ్లెంలోనే పెట్టుకుని తల్లి దగ్గరికి పరుగెత్తింది. డ్రాయింగ్ క్లాసుకు శనివారం బ్యాచిలో పేరిచ్చింది. వంటింటి గోడ మీది గడియారాన్ని పైడిరాజు తీసేశాడు, మేకు మిగిలింది.

ఇదంతా జరిగి ఎనిమిదేళ్లయింది. ప్రతి ఆదివారం వేడెక్కీ వేడెక్కీ నా పూత లేచిపోయింది, పచ్చ దీపం ఆరిపోయింది. మొన్న శనివారం వీధిలో "పాత సామాన్లకి ఉల్లిపాయలే!" అని కేక వినపడితే పైడిరాజు నన్ను చంకలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లాడు. బండివాడు నన్ను తిరగేసి చూసి, రెండు కేజీలిస్తానన్నాడు. పైడిరాజు నన్ను మళ్లీ లోపలికి తెచ్చి, వంటింటి గట్టు మీద పెట్టాడు.

తర్వాత బయటికి వెళ్లి ఆ రెండు కేజీలూ డబ్బులిచ్చి కొన్నాడు. మర్నాడు ఆదివారం.