రోడ్డు తెరిచి లేకపోతే

పావ్లీనాకు రెండు కిడ్నీలూ పోయి నాలుగేళ్లు. మంగళ, గురు, శనివారాల్లో ఆమెను చెర్ని బ్రోద్ గ్రామం నుంచి జిల్లా ఆసుపత్రికి డయాలసిస్‌కు తీసుకెళ్లి, సాయంత్రం మళ్లీ ఇంటి గుమ్మంలో దింపే డ్యూటీ నాది. మా కంపెనీ చేసేదే ఆ పని. ఆసుపత్రుల కాంట్రాక్టు మీద రోగులను తెస్తాం, తీసుకెళ్తాం. అన్నేళ్లు ఒకే బండిలో తిరిగితే చుట్టరికం లాంటిది పుడుతుంది. ఆమె వెనక సీట్లో కూర్చునేది కాదు, నా పక్కనే. నీళ్లు కొలిచి తాగాలి కాబట్టి, దాహమేసినప్పుడల్లా నిమ్మచెక్క చీకుతూ నా డ్రైవింగ్‌కు వంకలు పెట్టేది. "మ్లాదెన్, నీ బండికన్నా మా ఫ్యాక్టరీలో మిషన్లే మెత్తగా నడిచేవి" అనేది. కుట్టు ఫ్యాక్టరీ మూతపడేదాకా ఆమె అందులో కాలర్లు కుట్టింది. ఇంకా యాభై కూడా నిండలేదు.

ఏ బండి ఎవరి ఇంటికి వెళ్లాలో చెప్పే జాబితా పొద్దున్నే గ్యారేజీ ప్రింటరులోంచి వచ్చేది. ఆఫీసులో నెవేనా అని ఒకామె ఉండేది. ఆమె రాసిన క్వెరీ, అంటే కంప్యూటరుకు ఇచ్చే ఆదేశం, డేటాబేసులోంచి ఆ రోజు పేర్లన్నీ లాగి, ప్రతి పేరు పక్కనా ఒక మాట తగిలించేది. "ఈరోజే" అంటే ఏం జరిగినా వెళ్లాలి. "వీలునుబట్టి" అంటే బండి ఖాళీ అయితే వెళ్లాలి. "ఆగాలి" అంటే వెళ్లక్కర్లేదు. కట్టు మార్పించుకునేవాళ్లు, కళ్లజోడు పరీక్షకు వెళ్లేవాళ్లు ఎక్కువగా ఆ మూడో దాంట్లో పడేవాళ్లు. అందుకే "ఆగాలి" అన్న మాట చూసి మాలో ఎవరికీ ఎప్పుడూ గుండె ఝల్లుమనలేదు.

ఆ జనవరిలో మంచు విడవకుండా కురిసింది. మా బండి ఒకటి జారి కాలువలో పడింది, ఇంకొకటి కొండ మలుపులో పొద్దంతా ఇరుక్కుపోయింది. డైరెక్టర్ దోచెవ్ నెవేనాను పిలిపించాడు. బండ్లకు గొలుసులు కావాలని అడగడానికి వెళ్లి నేనూ ఆ గదిలోనే ఉన్నాను. రోడ్ల సంగతి చూడకుండా జాబితా బండ్లను పంపేస్తోందని ఆయన విసుక్కున్నాడు. రోడ్డు గురించిన షరతును అన్నిటికన్నా పైకి తీసుకురమ్మన్నాడు.

"అలా చేస్తే డయాలసిస్ వాళ్లు కూడా 'ఆగాలి'లో పడతారు సార్" అంది నెవేనా.

"రోడ్డే లేనప్పుడు రోగం ఏదైతే ఏముందమ్మా? బండికి రెక్కలుంటాయా? అలా పడినవాళ్లకు ఫోన్ల దగ్గరుండే తెమెనూగా ఫోన్ చేసి, ఊరి మేయరుతో ట్రాక్టరు పెట్టిస్తుంది. జాబితా పని నువ్వు చూడు, మనుషుల పని మేం చూసుకుంటాం."

నెవేనా నా వైపు ఒకసారి చూసి, తలూపి వెళ్లిపోయింది. వాళ్లు మాట్లాడుకున్నది అప్పుడు నాకు సగమే అర్థమైంది. గొలుసులు వచ్చే నెల ఇస్తానన్నాడు. నా దృష్టంతా దాని మీదే ఉంది.

మంగళవారం నా జాబితాలో పావ్లీనా పేరు లేదు. డిస్పాచ్ గదిలో ఫోన్ల దగ్గర కూర్చునే తెమెనూగాను అడిగాను. ఆమె అరవైకి దగ్గర పడిన మనిషి. ఆ ఉదయం రెండు ఫోన్లు మోగుతూనే ఉన్నాయి.

"చెర్ని బ్రోద్ ఆగాలి అని వచ్చింది. దారి లేదు" అంది తలెత్తకుండా.

"ఎందుకు లేదక్కా? నిన్న మా బావమరిది కట్టెల లారీ ఆ దారినే తెచ్చాడు. మెల్లగా పోతే పోవచ్చు."

"మన జారిపడిన బండి ఇంకా కాలువలోనే ఉంది మ్లాదెన్. నువ్వొకటి తీసుకెళ్లి పడేస్తే నా మెడకు చుట్టుకుంటుంది. జాబితా చూసుకుని వెళ్లు బాబూ."

వెళ్లాను. ఆ రోజు నాకు పడినవాళ్లు ఇద్దరే, ఇద్దరూ పట్నంలోనే.

ఆ తర్వాత ఏం జరిగిందో కిరో నోటి నుంచే విన్నాను. కిరో పావ్లీనా భర్త, అడవి శాఖలో చెట్లు కొట్టే పని. బండి రాకపోయేసరికి అతను మా ఆఫీసుకు ఫోన్ చేశాడు. చేసి చూసి, మళ్లీ చేశాడు. రెండోసారికి తెమెనూగా ఎత్తి, మీ పేరు ఆగాలిలో ఉంది, రేపో ఎల్లుండో చూస్తామంది. శనివారం తర్వాత రక్తం శుభ్రం కాలేదని కిరో చెప్పాడు. ఆమె, డయాలసిస్ అని కంప్యూటరుకు తెలుసుగదా, అంతా చూసే అలా వేసి ఉంటుంది అందట. మేయరుకు ఫోన్ చేయాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. దోచెవ్ ఆ సంగతే మర్చిపోయాడు.

పావ్లీనా ఆ రోజు నీళ్లు ముట్టుకోలేదు. రాత్రికి ముఖం ఉబ్బింది. బుధవారం మధ్యాహ్నానికి కాళ్లు మొద్దుబారి, ఊపిరి అందక దిండ్లకు ఆనుకుని కూర్చుంది. కిరో పక్కింటివాళ్ల ట్రాక్టరు అడిగి తెచ్చి, వెనక ట్రాలీలో పరుపు వేసి, ఉన్న కంబళ్లన్నీ కప్పి ఆమెను ఎక్కించాడు. పెద్ద రోడ్డు మీదికి ఎక్కాక ఒకచోట దిగి, కంబళి సరిచేద్దామని చూస్తే అప్పటికే ప్రాణం లేదు. పొటాషియం పెరిగి గుండె ఆగిందని ఆసుపత్రిలో రాశారు.

అంత్యక్రియలకు వెళ్లాను. మా ఆఫీసు నుంచి ఇంకెవరూ రాలేదు. వాళ్ల ఇంటి గేటుకు నల్ల అంచు ఉన్న చావు నోటీసు అంటించారు. అందులోని ఫోటోలో ఆమె ఎవరినో ఆటపట్టించబోతున్నట్టు ఉంది. పాతిపెట్టాక అందరూ ఆనవాయితీ ప్రకారం ఉడికించిన గోధుమలు పంచుకుంటుంటే, కిరో నా దగ్గరికొచ్చి ఒకే ముక్క అడిగాడు: "నువ్వెందుకు రాలేదురా?" జాబితాలో లేదన్నాను. అతను ఆ మాట తనలో తాను ఇంకోసారి అనుకుని వెళ్లిపోయాడు.

ఆఫీసులో దోచెవ్ అందర్నీ కూర్చోబెట్టి, సిస్టం ఫెయిలైందని, ఎవరు అడిగినా అదే చెప్పాలని అన్నాడు. తెమెనూగా బీపీ పెరిగి సెలవు పెట్టింది. నెవేనా గోడకు ఆనుకుని నిలబడి విన్నది. బయటికొచ్చాక నన్ను ఆపి, ఆదివారం చెర్ని బ్రోద్‌కు తీసుకెళ్తావా అన్నా అని అడిగింది. ఎందుకని అడగలేదు. ఆమె ముఖం చూస్తే అడగాలనిపించలేదు.

నా సొంత కారులో వెళ్లాం. దారికి రెండు పక్కలా మంచు నడుమెత్తున గోడ కట్టింది. నెవేనా కిటికీలోంచి రోడ్డు అంచులనే చూస్తూ, మంగళవారం కూడా ఇలాగే ఉందా అంది. ఇంకాస్త మంచు ఉండి ఉంటుంది, కానీ పోవచ్చన్నాను. చాలా దూరం వెళ్లాక తనే మొదలుపెట్టింది.

క్వెరీలో షరతులు ఒకదాని కింద ఒకటి ఉంటాయట. ఇలా ఉంటే ఈ మాట, అలా ఉంటే ఆ మాట, ఏదీ కాకపోతే చివరి మాట. డేటాబేసు ప్రతి మనిషినీ పైనుంచి కిందికి పోల్చి చూస్తుంది. మొదట ఏ షరతు నిజమైతే అక్కడే ఆగి ఆ మాట రాసేస్తుంది. దాని కింద ఎంత ముఖ్యమైనది రాసి ఉన్నా చదవదు.

"నేను రాసినప్పుడు డయాలసిస్ పైన ఉంది అన్నా. డయాలసిస్ అయితే ఈరోజే. రోడ్డు సంగతి దాని కిందెక్కడో ఉండేది. ఆయన పైకి తెమ్మంటే తెచ్చాను. ఆ ఒక్క లైను కింద తీసేసి పైన మళ్లీ రాశాను, అంతే."

"మరి తప్పు ఆయనదేగా" అన్నాను.

"ఆయన అడిగింది మూసి ఉన్న రోడ్డు గురించే." అంది నెవేనా. "రోడ్డుకు మా దగ్గర మూడు మాటలుంటాయి. తెరిచి ఉంది, కష్టం, మూసి ఉంది. మూసి ఉంటే ఆగాలి అని రాయాల్సింది నేను. తొందరలో 'తెరిచి లేకపోతే' అని రాశాను. చెర్ని బ్రోద్ రోడ్డు ఆ రోజు మూసి లేదు. కష్టం అని ఉంది. కష్టమన్నది తెరిచి ఉన్నట్టు కాదుగా, అందుకని అందులో పడిపోయింది. ఇది నాకు తప్ప ఎవరికీ తెలియదు."

నేను బండి నెమ్మది చేశాను. వెనక్కి తిప్పేస్తే బాగుండుననిపించింది. ఆ మాటే అన్నాను కూడా. కిరో గొడ్డలి పట్టే మనిషి, ఇప్పుడు మనసు మనసులో లేదు, చెప్పాలంటే జరగబోయే విచారణలో చెప్పుకో అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

కిరో మమ్మల్ని వంటింట్లో కూర్చోబెట్టాడు. పొయ్యి మండుతోంది. టేబుల్ మీద ఎవరో తెచ్చిచ్చిన రొట్టె కోయకుండానే ఎండిపోతోంది. ముగ్గురికీ రాకియా, ఇంట్లో కాచిన సారా, పోశాడు. చనిపోయినవాళ్ల కోసం తాగేటప్పుడు గ్లాసులు తాకించరు కాబట్టి ఎవరి గ్లాసు వాళ్లు ఎత్తాం. నెవేనా తనెవరో చెప్పింది. తర్వాత కారులో నాకు చెప్పిందంతా, ఇంకా తేలిక మాటల్లో, ఏదీ దాచకుండా చెప్పింది. కిరో మధ్యలో అడ్డు రాలేదు. అతని చేతులు టేబుల్ మీద బోర్లా ఉన్నాయి. నేను ఆ చేతులనే చూస్తూ కూర్చున్నాను.

అంతా అయ్యాక అడిగాడు: "అయితే నువ్వు సరిగ్గా రాసి ఉంటే, వీడు బండి తెచ్చేవాడా?"

"తెచ్చేవాడు."

"ఆసుపత్రికి చేరేదా?"

"చేరేది."

కిరో లేచి పొయ్యిలో కట్టె పెట్టాడు. తిరిగి కూర్చోలేదు.

"మీ డైరెక్టర్ నాకు ఫోన్ చేశాడు. మిషను చెడిపోయిందన్నాడు. నేను నమ్మాను. మిషన్లు చెడిపోతాయి, మా రంపాలూ చెడిపోతాయి. ఆ మాట నమ్ముకుని రెండు రోజులు నిద్రపోగలిగాను. ఇప్పుడు నువ్వొచ్చి అది చెడిపోలేదు, చెప్పిన పని చెప్పినట్టే చేసిందంటున్నావు. ఎందుకు చెప్తున్నావమ్మాయ్ నాకు? నీ బరువు దించుకోడానికా?"

"కాదు. దించుకోడానికైతే చర్చికి వెళ్లేదాన్ని. వాళ్లు మిషనే అని చెప్పి తప్పించుకుంటారు. తర్వాత ఎప్పుడో ఎవరో అసలు సంగతి చెప్తే, నన్ను అందరూ కలిసి మోసం చేశారని మీకనిపిస్తుంది. అలా జరగకూడదనుకున్నాను."

"మోసమే నయం" అన్నాడు కిరో. కోపంగా కాదు, ధర చెప్పినట్టు చెప్పాడు. కాసేపటికి, చీకటి పడితే రోడ్డు గడ్డకడుతుంది, బయల్దేరండి అన్నాడు. గేటుదాకా వచ్చాడు గాని నెవేనా చాచిన చేతిని అందుకోలేదు. ఆమె కూడా వెంటనే దించలేదు. అలా కొంచెంసేపు చాచి ఉంచి, తర్వాత కోటు జేబులో పెట్టుకుంది.

విచారణ ఫిబ్రవరి చివర్లో జరిగింది. పైనుంచి వచ్చిన ఇద్దరు అధికారులు, కంపెనీ లాయరు, మేమూ. దోచెవ్ సిస్టం ఫెయిల్యూర్ అని చదివాడు. నెవేనా లేచి ఫెయిల్యూర్ ఏదీ లేదంది. షరతు పైకి తెమ్మన్నదెవరో చెప్పింది, దాన్ని తప్పుగా రాసింది తనేనని కూడా చెప్పింది. మొదటి మాటకు అధికారి కళ్లజోడు సవరించుకున్నాడు. రెండో మాట మాత్రం ఆమెతో మళ్లీ చెప్పించి రాసుకున్నాడు. లాయరు ముఖంలో ఊరట నాకు స్పష్టంగా కనిపించింది. దోచెవ్ ఆ రోజు తన గదిలో అలా చెప్పాడని నేను సాక్ష్యం చెప్పాను. రాతపూర్వకంగా ఏమైనా ఉందా అన్నారు. లేదు. దోచెవ్ తను అలాంటిదేదీ అనలేదని, కాలువలో పడిన బండి గురించే మాట్లాడామని అన్నాడు. తెమెనూగాను అడిగితే, జాబితాలో ఉన్నదే చెప్పానని ఏడ్చింది.

నెవేనాను పనిలోంచి తీసేశారు. నిర్లక్ష్యం వల్ల మరణం అని కేసు కూడా పెట్టారు. ఏడాది జైలు పడింది, కాకపోతే అమలు చేయకుండా నిలిపి ఉంచారు. కోర్టులో ఆమె లాయరు డైరెక్టర్ పాత్ర గురించి గట్టిగా వాదిద్దామన్నాడట. ఆమె వాదించమనే చెప్పింది, కాని రుజువు లేని మాట ఎక్కడా నిలబడలేదు. ఇప్పుడు పక్క జిల్లాలో వాళ్ల అక్క నడిపే పాల దుకాణంలో ఉంటోంది. ఒకసారి అటు వెళ్లినప్పుడు ఆగాను. పెరుగు డబ్బాలు అమర్చుతూ, ఆ క్వెరీని ఎవరైనా సరిచేశారా అన్నా అని అడిగింది. చేశారన్నాను. కొత్తగా వచ్చినతను డయాలసిస్‌ను మళ్లీ పైన పెట్టాడు. అది విని ఆమె ఇంకో డబ్బా వరసలో పెట్టింది. తర్వాత, దోచెవ్ ఏమన్నాడు అంది. ఏమీ అనలేదు, మంచి పని చేశావని అతన్ని మెచ్చుకున్నాడన్నాను.

కిరో ఎండాకాలం రాకముందే ఇంటికి తాళం వేసి, కొండ మీద కలప శిబిరంలో కాపలా పనికి వెళ్లిపోయాడు. నెవేనా కేసు అప్పీలుకు వెళ్లినప్పుడు సాక్ష్యానికి పిలిస్తే రాలేదు. నేను ఇంకా అదే బండి తోలుతున్నాను, ఈ వయసులో ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు. ఇప్పుడు చెర్ని బ్రోద్ నుంచి మాకు రోగులెవరూ లేరు. ఆ ఊరికి తిరిగే మలుపు దాటి తిన్నగా వెళ్లిపోతాను.