ముల్లంగి కేక

ఆ తెల్లవాడు కళ్ళ చివర్లు లాగి అతికించుకుని, పొడుచుకొచ్చిన కట్టుడు పళ్ళు పెట్టుకుని తెర మీదికొచ్చాడు. వాడు జపాను సైనికుడట! యుద్ధం రాగానే జపాను వాళ్ళమని, అమెరికాలో పుట్టిన పిల్లలతో సహా మమ్మల్ని ముళ్ళకంచె లోపల పడేసి, భోజనాల హాల్లో దుప్పటి కట్టి, ఆ సినిమా మాకే చూపించారు. సిగ్గులేని జన్మలు.

మేముండే బారకాసు గదికి రాగానే నా కూతురు చిజురు అద్దాన్ని గోడవైపు తిప్పేసింది. ఆదివారం శిబిరం నాటకంలో అది రాకుమారి. నాటకాల వంశంలో పుట్టిన మా మామగారు చలికాలమంతా కూర్చోబెట్టి నేర్పించిన వేషం.

"నేను స్టేజీ ఎక్కనమ్మా. నా మొహం చూస్తే అందరికీ ఆ పళ్ళోడే గుర్తొస్తాడు."

"నోర్ముయ్! నీ మొహానికేమైందే? అచ్చం నా పోలిక!"

"అదేగా నా ఏడుపు," అంది ముక్కు చీదుతూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు మళ్ళీ అదే సినిమా. దాన్ని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను. ఒళ్ళో మా మడిలో పీకిన ముల్లంగి ఒకటి పెట్టుకున్నాను.

మా నాటకాల్లో ఒక ఆనవాయితీ ఉంది. నటుడు మెప్పిస్తే వెనక వరసలవాళ్ళు అతని వంశానికున్న నాటకాల ఇంటిపేరు పెట్టి కేకేస్తారు. చెడగొడితే "ముల్లంగీ!" అంటారు. నటుడికి అంతకన్నా తలవంపు లేదు.

పళ్ళోడు గుండు తగిలి ఇకిలిస్తూ కూలగానే లేచి నిలబడ్డాను. "ముల్లంగీ!"

"ఎవర్రా నీకు వేషమిచ్చింది? చావడం కూడా చేతకాదు!" అని మామగారు అందుకున్నారు. ఇక జనం ఆగుతారా? హాలంతా ఒకటే నవ్వులు.

"అమ్మా, వాడి పన్ను ఊడిపోతోంది చూడవే!" అంది చిజురు.

వినోదాల అధికారి విట్లాక్ దీపాలు వేశాడు. "నచ్చకపోతే బయటికి పొండి!"

"గేటు తియ్యండి దొరా, ఇప్పుడే పోతాం," అన్నాను.

వాడి మొహం కందగడ్డయింది. "ఇంకొక్క కేక వినిపిస్తే ఆదివారం నాటకం రద్దు!"

హాలు చల్లబడింది. నేనూ కూర్చున్నాను, కూతురి వేషం పోతుందని. అదేమో నా ఒళ్ళో ముల్లంగి లాక్కుని, "ముల్లంగీ!" అని అరుస్తూ తెరకేసి కొట్టింది. నా తల్లే!

ఆదివారం మాకు హాలు ఇవ్వలేదు. బట్టలుతికే గది ముందు ఇసుకలోనే ఆడాం. చిజురు తల పైకెత్తి నడిచొచ్చింది. ఇసుకగాలి మొహాన కొడుతున్నా రెప్ప వాల్చలేదు. ఆ కంచె లోపల మా కుటుంబానికి పేరు లేదు, ఉన్నది నంబరే. వెనక నుంచి మామగారు గొంతు చించుకుని మా నాటకాల ఇంటిపేరు పెట్టి అరిచారు.

"హమనోయా!"