స్కారవిక్ ఆడవాళ్ళు మోసే బరువు

స్కారవిక్‌లో మగవాళ్ళని వీపున ఎక్కించుకుని పడవల దాకా మోసేది ఆడవాళ్ళే. తోలుబూట్లు తడిస్తే రోజంతా ఆరవు, మగాళ్ళ కాళ్ళు పాచిపోతాయట. మరి ఆడవాళ్ళ కాళ్ళో అని అడక్కండి, మా ఊళ్ళో ఎవరూ అడగలేదు. లంగాలు నడుముకి దోపి, కొరికే చన్నీళ్ళలో తొడల దాకా దిగి, మొగుళ్ళని పొడిపొడిగా దింపి వస్తారు.

నిజానికి మేం సముద్రపు మనుషులం కాదు. కొండలోయల్లో బార్లీ పండించుకునేవాళ్ళం. గొర్రెలైతే లాభమని దొర మా తాతల ఇళ్ళ కప్పులు తగలబెట్టించి, ఈ రాళ్ళగట్టు మీదకి తోలి, చేపలు పట్టుకు బతకమన్నాడు. ఒక్కరికీ ఈత రాదు. గాలికి కొట్టుకుపోతారని పిల్లల్నీ కోళ్ళనీ తాళ్ళతో రాళ్ళకి కట్టి పెంచారు. అప్పట్నుంచీ మావాళ్ళకి నోరు తక్కువ, ఓర్పు ఎక్కువ. ఆ ఓర్పు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ రోజు సముద్రం ఎవణ్ణి ఉంచేసుకోబోతుందో, వాడికి మోసేదాని వీపు మీద బరువుండదు. అది ఆమెకి తప్ప ఎవరికీ తెలీదు, ఎక్కినవాడికి కూడా. ఆమె కిక్కురుమనకుండా తీసుకెళ్ళి పడవలో దింపేసి వస్తుంది. వెనక్కి తెచ్చిన ఆడది అప్పటిదాకా లేదు.

ఆ ఆగస్టులో హెర్రింగ్ చేపలు విరగబడి పడుతున్నాయి. ఎల్స్‌పెత్ తన మొగుడు గిల్బర్ట్‌ని ఎక్కించుకుని నీళ్ళలోకి దిగింది. వాళ్ళకి పెళ్ళయి ఏడాది కూడా కాలేదు.

ఒడ్డున వల చిక్కు తీస్తున్న మార్జరీ నవ్వింది. ఆమె మొగుణ్ణి సముద్రం ఎప్పుడో ఉంచేసుకుంది. "ఏమే కొత్త పెళ్ళికూతురా, మొగుడికి తిండి పెట్టట్లేదా ఏంటి? గంప మోసినట్టు చకచకా పోతున్నావ్!"

ఎల్స్‌పెత్ ఆగిపోయింది. ఆమె మొహం చూసి మార్జరీ నవ్వు చచ్చిపోయింది.

"త్వరగా తే అమ్మాయ్, ఆటుకి నీళ్ళు వెనక్కి తీసేస్తున్నాయి!" పడవలోంచి బావగారు డంకన్ అరిచాడు. పడవ అతనిదే.

ఎల్స్‌పెత్ గిరుక్కున వెనక్కి తిరిగింది. "ఈయనకి ఒంట్లో బాలేదు బావగారూ. ఇవాళ రాడు."

"నాకేమైందే? దించు!" అన్నాడు గిల్బర్ట్.

"చచ్చినా దించను."

ఊరంతటికీ అర్థమైంది. డంకన్ తమ్ముడి మొహం చూడకుండా టోపీ సర్దుకున్నాడు. వల లాగడానికి ఒక చెయ్యి తక్కువైతే పడవ బయల్దేరదు. మార్జరీ కొడుకు హ్యూ రోజూ వెళ్ళే పడవకి తారు పూస్తున్నారు, అందుకే అతను ఒడ్డునే ఖాళీగా ఉన్నాడు.

"హ్యూ, నువ్వు రారా!"

పిలవడమే ఆలస్యం, హ్యూ ఎగిరి తల్లి వీపెక్కాడు. "అబ్బా, దున్నపోతా! నా నడుం విరిగిందిరా," అని తిడుతూ మురిసిపోతూ నీళ్ళలోకి నడిచింది మార్జరీ. సగం దూరం పోయాక తిట్లు ఆగిపోయాయి. నడకా ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే ఎల్స్‌పెత్ వీపు మీద గిల్బర్ట్ బరువెక్కాడు. ఆమె మోకాళ్ళు గులకరాళ్ళకి కొట్టుకున్నాయి.

పోయే ప్రాణం మనిషిది కాదు, పడవలో ఆ చోటుదని అప్పటిగ్గానీ మావాళ్ళకి తెలిసిరాలేదు. ఎల్స్‌పెత్ నోరు తెరిచింది. ఆగండి, మా ఆయనే వస్తాడు అంటే చాలు. కానీ వెచ్చగా, బరువుగా, మొగుడి ఛాతీ ఆమె వెన్నుకి ఆని ఉంది. ఆమెకి పట్టరాని సంతోషం వేసింది. ఆ సంతోషానికి తనమీద తనకే అసహ్యం వేసింది. నోరు మూసుకుంది.

మార్జరీ ఒడ్డు కేసి చూసింది. అక్కడ ఇంకా ఇద్దరు ముగ్గురు తల్లులు, వాళ్ళ కొడుకులూ నిలబడి ఉన్నారు. ఆమె తిన్నగా వెళ్ళి హ్యూని పడవలో కూర్చోబెట్టి, మెడ చుట్టూ ఉన్ని గుడ్డ బిగించి కట్టి, వెనక్కొచ్చింది.

"బరువొచ్చాడా?" అని అడిగింది.

"వచ్చాడు పిన్నీ." ఎల్స్‌పెత్ భోరుమంది. "నువ్వూ తెచ్చేసుకోవాల్సింది!"

"తెస్తే ఎవరి కొడుకుని పిలుస్తాడే డంకన్?" మార్జరీ తడి లంగా పిండుకుంది. "లే. వాణ్ణి ఇంటికి తీసుకుపో."

పడవ కదిలింది. "అమ్మా!" హ్యూ కేకేశాడు. "సాయంత్రానికి బంగాళాదుంపలు ఉడకెయ్యి, ఆకలితో వస్తా!"

"అలాగేరా," అంది మార్జరీ, అటు తిరక్కుండానే.